గాడిలంక లాకుకి ఏడో బారన్

కారుణ్య నియామకాల్లో సీనియారిటీని ఇకమీదట మరణించిన తేదీని బట్టి నిర్ణయించాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చినప్పుడు మా డివిజన్ ఆఫీసులో అందరం మెచ్చుకున్నాం. ఉద్యోగంలో ఉండగా పోయినవాళ్ళ పిల్లలకి ఉద్యోగం ఇచ్చే విషయంలో అంతవరకు సిఫార్సులు నడిచేవి. ఎవరి తండ్రి ముందు పోతే వాళ్ళకి ముందు. ఇంతకన్నా న్యాయం ఏముంటుంది? చావు తేదీని ఎవరూ ఫోన్లు చేయించి ముందుకి జరుపుకోలేరు.

ఈ న్యాయాన్ని అమలు చేయడానికి 'సమదృష్టి' అనే కంప్యూటరు పద్ధతి ఒకటి వచ్చింది. దాని స్వభావం చాలా సులభం. జాబితాలో పైన ఉన్న ఫైలు తేలేదాకా కింద ఉన్న ఫైలు తెరుచుకోదు. నీటిపారుదల శాఖ పుట్టిన నాటినుంచీ ఉన్న రిజిస్టర్లన్నీ అందులోకి ఎక్కించమన్నారు. ఎక్కించడానికి కాంట్రాక్టు మీద నలుగురు వచ్చారు. ఏ కాగితానికీ మరో కాగితానికీ తేడా చూపకూడదని వాళ్ళకి రాతపూర్వకమైన ఆదేశం ఉంది. వాళ్ళు చూపలేదు.

నేను ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులో సీనియర్ అసిస్టెంటుని. పందొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ. జాబితా మొదటిసారి తెర మీదికి వచ్చిన రోజున నా ఎదురుగా పెచ్చెట్టి నూకరత్నం నిలబడి ఉంది. గాడిలంక కాలువ లాకు దగ్గర షట్టర్లు ఎత్తి దించే లస్కరుగా పనిచేసిన గవర్రాజు కూతురు. అంతకు పదినెలల కిందట ఆగస్టు తొమ్మిదిన వరదలో కొట్టుకొచ్చిన దుంగ ఒకటి షట్టరు కింద ఇరుక్కుంటే, దాన్ని తీయబోయి గవర్రాజు నీళ్ళలో పడిపోయాడు. అప్పటికి ఇంకా రెండు షట్టర్లు ఎత్తాల్సి ఉంది. ఎత్తకపోతే గట్టు తెగుతుంది. నూకరత్నం ఆ రెండూ ఎత్తి, అప్పుడు తండ్రిని వెతకడానికి వెళ్ళింది. మా నివేదికలో 'షట్టర్లు సకాలంలో ఎత్తబడినవి' అని ఉంది.

ఆ రోజు నుంచీ షట్టర్లు ఆ అమ్మాయే ఎత్తుతోంది, దించుతోంది. దీనికి ఆఫీసు అనుమతి లేదు, అభ్యంతరమూ లేదు. అనుమతిస్తే జీతం ఇవ్వాలి. అభ్యంతరం పెడితే ఇంకొకర్ని వెయ్యాలి.

"నా నెంబరెంతండీ కామేశంగారూ?" అంది.

"రెండు."

ఆమె మొహం విప్పారింది. "ఒకటో నెంబరోళ్ళు ఎవరండీ?"

"కిల్మోరన్ బారన్‌గారి కొడుకు."

"ఏ ఊరోళ్ళండీ?"

"ఐర్లండు."

"ఆళ్ళ నాన్న ఎప్పుడు పోయాడంటండీ?"

నేను తెర వైపు మళ్ళీ చూశాను. "పద్దెనిమిదివందల అరవై ఎనిమిది, జూన్."

 నూకరత్నం లోపల లెక్క వేసుకుంటోందని తెలుస్తూనే ఉంది. తర్వాత, వెక్కిరింపు ఏమీ లేకుండా, నిజంగానే అడిగింది.

"మరి ఇన్నాళ్ళూ ఆ కుర్రోడు ఏం తిని బతికాడండీ?"

*

రికార్డు గదిలో ఆ కాగితం దొరికింది. కిల్మోరన్ బారన్ అనే ఐర్లండు ప్రభువు గోదావరి కాలువలు తవ్వే రోజుల్లో మా శాఖలో అసిస్టెంటు ఇంజనీరు. గాడిలంక లాకు ఆయన కట్టించిందే. అక్కడే జ్వరం వచ్చి పోయాడు. పోవడానికి రెండు రోజుల ముందు పైఅధికారికి ఉత్తరం రాశాడు: 'నా స్థానమూ నా గౌరవమూ ఆలస్యం లేకుండా నా కుమారుడికి చెందునట్లు శాఖవారు చూడవలెనని ప్రార్థన.' ఆ ఉత్తరానికి ఇన్‌వర్డు నెంబరు పడింది. పైఅధికారి పక్కన ఎర్ర సిరాతో 'సత్వర చర్య' అని రాశాడు. ఆ తర్వాత నూట యాభై అయిదేళ్ళలో దాని మీద 'ముగిసినది' అని ఎవరూ రాయలేదు. అందువల్ల అది ముగియలేదు.

జ్వరంలో ఉన్న మనిషి ఎక్కడో ఉన్న కొడుకుని తలుచుకుని కలవరించిన మాట అది. నాకు చదవగానే అర్థమైంది. కాని ఇన్‌వర్డు నెంబరు పడ్డాక కలవరింత కూడా దరఖాస్తే.

ఫైలు పట్టుకుని మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు భుజంగరావుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నిదానస్థుడు. ఏ కాగితాన్నీ ఊరికే తోసెయ్యడు.

"చూడండి కామేశంగారూ. మరణం అనేది డిపార్టుమెంటు వ్యవహారం. అందులో స్వదేశీయం, విదేశీయం అని విచక్షణ చూపరాదు."

"బారన్ అనేది పోస్టు కాదండి. బిరుదు."

"తండ్రి మరణానంతరం కొడుక్కి సంక్రమిస్తుందా?"

"సంక్రమిస్తుందండి."

"పరీక్ష ఉందా?"

"లేదండి."

"ఇంటర్వ్యూ?"

"లేదండి."

"కనీస విద్యార్హత?"

"అదీ లేదండి."

"మరి కారుణ్య నియామకం కాక ఇంకేమిటండీ అది?"

  ఐరోపాలో వెయ్యేళ్ళుగా నడిచిన ఒక వ్యవస్థని అంత తక్కువ మాటల్లో ఎవరైనా చెప్పగా నేను వినలేదు.

ఇక్కడ ఇంకొక చిక్కు ఉంది. మరణించిన రెండేళ్ళలోగా తేలని దరఖాస్తు దానంతటదే రద్దవుతుంది. గవర్రాజు పోయి పదినెలలైంది కాబట్టి నూకరత్నానికి పధ్నాలుగు నెలలు మిగిలాయి. రద్దు నిబంధన వచ్చింది ఈమధ్యనే గనక పద్దెనిమిదివందల అరవై ఎనిమిది నాటి దరఖాస్తుకి అది వర్తించదు. బారన్ ఫైలు ఎప్పటికీ బతికే ఉంటుంది. దాని వెనక నిలబడ్డ ఫైలు వచ్చే ఏడాది ఆగస్టు తొమ్మిదిన చచ్చిపోతుంది.

*

మొదట కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం కావాలి. దానికి తహసీల్దారు ఆఫీసుకి రాశాం. తహసీల్దారుగారు నియమాల మనిషి. చనిపోయినవారు చివరిగా నివసించిన గ్రామంలో విచారణ జరిపించాలని గాడిలంకకి ఒక ఉద్యోగిని పంపింది. అయిదు నెలల తర్వాత నివేదిక వచ్చింది.

'సదరు కిల్మోరన్ బారన్‌గారిని గ్రామపెద్దలెవ్వరూ ఎరుగరు. ఆయన మరణించిన నాటికి తాము పుట్టలేదని పెద్దలు వాంగ్మూలమిచ్చిరి. సదరు వ్యక్తి పేరిట గ్రామంలో స్థిరాస్తి: సమాధి ఒకటి. సమాధిపై గేదెను కట్టుచున్నవారు అది తమ అనుభవంలో ఉన్నదని చెప్పిరి. వారసుల విషయమై ఇరుగుపొరుగువారిని విచారించవలెనన్న, ఇరుగుపొరుగు ఐర్లండులో నున్నందున తగు చర్య నిమిత్తం తిప్పి పంపడమైనది.'

నూకరత్నం ప్రతి సోమవారం వస్తూనే ఉంది. లాకు దగ్గర పొద్దుటి పని చూసుకుని, పన్నెండు కిలోమీటర్లు సైకిలు తొక్కుకుని. ఆ నివేదిక చదివి వినిపిస్తే నవ్వింది.

"ఆ గేదె మా చిన్నాన్నదేనండి. కావాలంటే అది కూడా సాక్ష్యం చెప్పుద్ది. ఏవండీ, ఆ దొరకి మనవే ఉత్తరం రాస్తే పోదా? బతికుంటే పలుకుతాడు, లేపోతే లేదు."

అందరికన్నా ముందు ఆ అమ్మాయికి తట్టింది. చిరునామా తెలియదు. 'కిల్మోరన్ బారన్‌గారికి, కిల్మోరన్, ఐర్లండు' అని కవరు మీద రాసి, పరిస్థితి వివరించి, ఉద్యోగంలో ఆసక్తి లేనిపక్షంలో నిరభ్యంతర పత్రం పంపమని కోరాను.

నలభై రోజుల్లో జవాబు వచ్చింది. చేతిరాత, నాలుగు పేజీలు. నిరభ్యంతర పత్రం ఒక పేజీలో ఉంది. మిగతా మూడు పేజీల్లో వంశ చరిత్ర రాశాడు. తన తండ్రి తాతల గురించి అడిగిన వాళ్ళు చాలాకాలంగా ఎవరూ లేరని, పొడవైనందుకు మన్నించమని చివర రాశాడు.

దాన్ని నేను భుజంగరావుగారికి ఇలా విన్నవించాను. మొదటి బారన్ డబ్లిన్ శాసనసభలో సభ్యుడు. ఆ సభని మూసేసి లండన్ సభలో కలిపెయ్యాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు దాన్ని వ్యతిరేకిస్తూ మూడు గంటలు కన్నీళ్ళతో మాట్లాడి, అనుకూలంగా ఓటు వేశాడు. ఆ ఏడే బారన్ అయ్యాడు. రెండో బారన్ కాలంలో బంగాళాదుంపల పంట కుళ్ళి జనం ఆకలితో చచ్చిపోతుంటే, పని కల్పించాలని ఏడు మైళ్ళ గోడ కట్టించాడు. ఆ గోడ దేన్నీ చుట్టి రాదు. కొండ ఎక్కి అక్కడ ఆగిపోతుంది.

"కరువు పనులు," అన్నారు భుజంగరావుగారు ఆప్యాయంగా. "మనవాళ్ళే."

మూడో బారన్ మన ఇంజనీరు. ఇంట్లో రెండో కొడుకు కాబట్టి బిరుదు వస్తుందని ఎవరూ అనుకోలేదు. పెద్ద కొడుకు గుర్రం మీంచి పడిపోతే, ఆ దిగులుతో తండ్రి కూడా పోయాడు. కబురు ఇక్కడికి చేరడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ఆయన తను ప్రభువునని తెలియకుండా కాలువ గట్టు మీద మట్టి కొలిపించాడు. నాలుగో బారన్, అంటే మన దరఖాస్తుదారు, యాభై ఒక్క ఏళ్ళు బారన్‌గా ఉండి ఏమీ చేయలేదు.

"క్లీన్ సర్వీసు."

అయిదో బారన్ కాలంలో పైకప్పు ఉన్న ఇళ్ళకి పన్ను వేశారు. ఆయన నలభై గదుల భవనానికి పైకప్పు తీయించేశాడు.

భుజంగరావుగారు కళ్ళజోడు తీసి కాసేపు కిటికీలోంచి చూశారు. "ఆయన ఇక్కడ పుట్టి ఉండాల్సిందండీ," అన్నారు.

ఆరో బారన్ ఆ భవనంలో గొర్రెలు పెంచి, తను గేటు పక్కన కాపలాదారు ఇంట్లో కాపురం ఉన్నాడు. ఏడో బారన్ ఈ ఉత్తరం రాసిన డెర్మట్‌గారు. డెబ్బై ఒక్క ఏళ్ళు. స్కూలు బస్సు నడిపి మానుకున్నాడు. భార్యాబిడ్డలు లేరు. 'మా దేశంలో బిరుదులు చెల్లవు. లండన్‌లో చెల్లుతాయి గాని సభలో కూర్చోవడానికి కుర్చీ లేదు. ముప్ఫై ఏళ్ళుగా బారన్‌ని. ఈ ముప్ఫై ఏళ్ళలో ఆ హోదాలో నన్ను ఎవరూ ఏ పనీ చెయ్యమని అడగలేదు. నాతో ఇది అయిపోతుంది. మీ అమ్మాయికి ఉద్యోగం ఇవ్వండి.' కింద సంతకం: కిల్మోరన్.

నూకరత్నానికి ఆ చివరి ముక్క తెలుగులో చెప్పాను. "మంచోడేనండి దొర," అంది. "పన్లేకపోతే మనిషికి పిచ్చెక్కిపోద్ది పాపం."

ఆ నిరభ్యంతర పత్రాన్ని పైఆఫీసు తిప్పి కొట్టింది. ఒకటి, సంతకంలో ఇంటిపేరు లేదు, పేరు లేదు, ఊరి పేరు మాత్రమే ఉంది. బారన్‌లు అలాగే సంతకం చేస్తారని నేను రాసిన వివరణకి, ఊళ్ళు నిరభ్యంతర పత్రాలు ఇవ్వరాదని సమాధానం వచ్చింది. రెండు, పోస్టు పొందనివాడు పోస్టుని వదులుకోలేడు. ముందు నియమించాలి. చేరాలి. అప్పుడు స్వయంగా అధికారి ఎదుట రాజీనామా చెయ్యాలి. లేదా ఉత్తర్వు అందిన ముప్ఫై రోజుల్లో చేరకపోతే నియామకం రద్దవుతుంది.

*

ఆ ముప్ఫై రోజుల మాట చదివినప్పుడు నాలో ఏదో కదిలింది. పందొమ్మిదేళ్ళలో నేను ఏ ఫైలునీ గెలిపించాలని అనుకోలేదు. అలా అనుకోకపోవడమే నా ఆరోగ్యం అని నమ్మాను. ఒంటరిగా ఉండేవాడికి ఇంటికి వెళ్ళాక మాట్లాడటానికి ఫైళ్ళు తప్ప ఉండవు. వాటితో ఇష్టాలు పెట్టుకుంటే నిద్ర పట్టదు. ఇప్పుడు మాత్రం ఒక తోవ స్పష్టంగా కనిపించింది. దరఖాస్తుదారుకి ఇప్పుడున్న వారసుడు గనక ఏడో బారన్‌కి నియామకపు ఉత్తర్వు పంపాలి. ఆయన రాడు. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి ఐర్లండు నుంచి లస్కరు ఉద్యోగానికి ఎందుకొస్తాడు? ముప్ఫై రోజులు గడుస్తాయి. రద్దవుతుంది. నూకరత్నం ఫైలు తెరుచుకుంటుంది.

అర్హత విషయంలో ఇబ్బంది వస్తుందని భయపడ్డాను. రాలేదు. సమదృష్టి అన్నిటినీ దరఖాస్తు తేదీ నాటికి లెక్కిస్తుంది. ఆ తేదీకి ఐర్లండూ గోదావరి జిల్లా ఒకే రాణి కింద ఉన్నాయి గనక జాతీయత సరిపోయింది. వయసు మైనస్ ఎనభై నాలుగు అని వచ్చింది. గరిష్ఠ వయోపరిమితి దాటలేదు. కనీస వయసు అడిగే గడి అందులో లేదు. పుట్టనివాళ్ళు దరఖాస్తు చేస్తారని దాన్ని తయారుచేసినవాళ్ళు ఊహించి ఉండరు.

"పదవీ విరమణకి నూట నలభై ఆరేళ్ళ సర్వీసు ఉంది," అన్నారు భుజంగరావుగారు లెక్క చూసి. "అదృష్టవంతుడు."

డివిజన్‌లో ఖాళీగా ఉన్న పోస్టు ఒక్కటే. 'శ్రీ కిల్మోరన్‌గారిని లస్కరుగా నియమించి గాడిలంక లాకులో నియోగించడమైనది. సదరు వ్యక్తి తక్షణమే విధులకు హాజరు కావలెను.' ఇంగ్లీషులో టైపు చేసి, నేనే రిజిస్టరు పోస్టులో వేశాను. జులై ఆరున అందినట్టు రసీదు వచ్చింది. ఆగస్టు అయిదుకి బారన్ గడువు అయిపోతుంది. తొమ్మిదికి నూకరత్నం గడువు. మధ్యలో నాలుగు రోజులు.

సోమవారం ఆమెకి చెబితే మొహం ఎర్రబడింది.

"మా నాన్న పోస్టు ఆ ముసలాయనకి రాసిచ్చేశారా? ఎవర్నడిగి రాశారండీ?"

"రాడమ్మా ఆయన. అందుకే రాశాం."

"వస్తేనో?"

"రాడు."

"మీరు ఇట్టా చాలా చెప్పారు కామేశంగారూ. సైకిలు టైర్లు అరిగిపోయాయి గాని మీ మాటలు అరగలేదు."

ఇరవై ఎనిమిది రోజులు గడిచాయి. ఇరవై తొమ్మిదో రోజు, ఆగస్టు నాలుగున, పదిన్నరకి ఒక పొడుగాటి తెల్ల ముసలాయన చేతిలో చిన్న పెట్టెతో మా వరండా మెట్లెక్కాడు. ఎండకి ముక్కు కందిపోయి ఉంది. చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి నా ఉత్తర్వు తీసి, రెండు చేతులతో నా బల్ల మీద పెట్టాడు. నాలుగు మడతల దగ్గరా కాగితం మెత్తబడి ఉంది. చాలాసార్లు విప్పి చదివాడన్నమాట.

"ఎక్కడ సంతకం చెయ్యాలి?" అన్నాడు ఇంగ్లీషులో.

రాజీనామా స్వయంగానే చెయ్యాలని ఉత్తర్వు కింద నిబంధనల్లో చదివాడట. ముప్ఫై రోజులు ఊరుకుంటే చాలన్న నిబంధన ఆ తర్వాతి పేజీలో ఉంది. ఆ పేజీ జత చెయ్యడం మర్చిపోయింది నేనే. చేరి, రాజీనామా చేసి, ముత్తాత తండ్రి సమాధి చూసి వెళ్ళిపోదామని వచ్చానన్నాడు.

వరండాలో బల్ల మీద కూర్చున్న నూకరత్నం అప్పటికే లేచి వచ్చేసింది. నడుం మీద చెయ్యి వేసుకుని ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది.

"ఏవండీ దొరగారూ, మీ ఊళ్ళో తిప్పడానికి షట్టర్లు లేవేటండీ? ఇంత దూరం మా నాన్నది కావాల్సొచ్చిందా?"

ఆయన నా వైపు తిరిగి ఇంగ్లీషులో ఒక మాట అడిగాడు. "మీరే గవర్రాజుగారి అమ్మాయా అని అడుగుతున్నాడు," అన్నాను. ఆయన అడిగింది నిజంగా అదే, ఆమె అన్న మాట మాత్రం నేను ఆయనకి చెప్పలేదు.

"ఆయ్, నేనే."

ఆయన టోపీ తీశాడు. 'మీ తండ్రి సంగతి ఉత్తరంలో చదివాను, చాలా విచారించాను' అన్నాడు. ఆ రెండేళ్ళలో మా ఆఫీసులో ఆ మాట అన్న మొదటి ఉద్యోగి ఆయనే. అప్పటికి హాజరు పట్టీలో సంతకం చేసేశాడు గనక ఉద్యోగి అనడంలో తప్పు లేదు. పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే సంతకం పెట్టించాను.

*

రాజీనామా వెంటనే రాయించేద్దామంటే భుజంగరావుగారు ఒప్పుకోలేదు. చేరినవాడు కనీసం ఒక పనిదినం పనిచెయ్యాలి. పనిచెయ్యాలంటే లాకు అప్పగించాలి. అప్పగింత కాగితంలో 'అప్పగించువారు' అన్న చోట ఎవరి పేరు రాయాలో తెలియలేదు.

"గవర్రాజు మరణించిన తేదీ నుంచి ఈనాటి వరకు లాకు ఎవరి ఆధీనంలో ఉందండీ?"

"కాగితాల ప్రకారం ఎవరి ఆధీనంలోనూ లేదండి."

"అయితే ఆ స్థలం ఖాళీగా వదలండి. ఉన్నది ఉన్నట్టు రాయడమే మన ధర్మం."

ఆఫీసు జీపులో ముగ్గురం గాడిలంక వెళ్ళాం. సైకిలు వెనక కట్టాం.  లాకు దగ్గర దిగాక ఆయన రాతిగోడ మీద చెయ్యి పెట్టి, ఒక్కొక్క రాయీ తడుముకుంటూ ఇటుచివర నుంచి అటుచివరకి నడిచాడు. సమాధి దగ్గరికీ తీసుకెళ్ళాం. చిన్నాన్న గేదెని విప్పబోతే, 'ఉండనివ్వండి, ఆయనకి ఎవరో ఒకరు తోడు ఉన్నారు' అన్నాడు.

శివారు పొలాలకి ఆ పూట నీళ్ళు పెంచాలి. నూకరత్నం అలవాటుగా చక్రం మీద చెయ్యి వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తీసుకుంది.

"ఇయ్యాళ ఆయన లస్కరు. ఆయన్నే తిప్పమనండి."

ఆయన తిప్పబోయాడు. చక్రం కదల్లేదు. ఇంకోసారి పట్టాడు. మొహం ఎర్రగా అయిపోయింది.

"నడుంతో కాదండీ, నడుం పోద్ది! ఒళ్ళంతా దాని మీద వాల్చండి. ఇట్టా. కాలు ఇక్కడ తన్నిపెట్టండి. కామేశంగారూ, చెప్పండి, నోరు తెరుచుకుని చూస్తారేంటి?"

చెప్పాను. మూడోసారి చక్రం కిర్రుమంది. పళ్ళ చక్రంలో ఒక పన్ను కదిలింది. ఇంకొకటి. షట్టరు కింద నీళ్ళు తెల్లగా చీలాయి. ఆ ముసలాయన వంగి ఆ నీళ్ళ వంక చూసిన చూపుని నేను మాటల్లో పెట్టలేను. కాని గుర్తుపట్టగలను. రాత్రి పడుకోబోయే ముందు, నేను రాసిన ఒక్క నోట్ అయినా ఎవరి బతుకులోనైనా ఒక అంగుళం కదిలించిందా అని వెతుక్కున్నప్పుడు, నా మనసుకి కావాలని అనిపించేది అదే. మనిషికి ఇంత పెద్ద పేరు పెట్టి, ఇంత పొడుగు చరిత్ర ఇచ్చి, చేతికి పట్టుకోవడానికి ఒక చక్రం కూడా ఇవ్వకపోతే లోపల ఏమవుతుందో ఆ క్షణంలో చూశాను.

సాయంత్రం దాకా ఆయన అక్కడే ఉన్నాడు. నాచు తీశాడు. పళ్ళ చక్రాలకి గ్రీజు పెట్టాడు. నూకరత్నం చెప్పడం, ఆయన చెయ్యడం. మధ్యలో నా అవసరం లేకుండా పోయింది.

అయిదింటికి, భుజంగరావుగారి తరఫున, రాజీనామా కాగితం గోడ మీద పెట్టి కలం ఇచ్చాను. ఆయన కాగితం వంక చూశాడు. కలం తీసుకోలేదు. చేతులకంటిన గ్రీజుని గుడ్డతో చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత చిన్నగా, కళ్ళెత్తకుండా అన్నాడు.

"రేపు కూడా పనిచెయ్యొచ్చా?"

 సంతకం పెట్టకపోతే అయిదు రోజుల్లో నూకరత్నం ఫైలు చచ్చిపోతుంది. అదీ నేను వేసిన ఎత్తు వల్ల. పెట్టమని నేను ఒత్తిడి చెయ్యగలను. ఆయన మర్యాదస్థుడు, పెట్టేస్తాడు. ఆయన అన్నది ఆమెకి చెప్పకుండా ఉండనూవచ్చు. ఒక అనువాదకుడి చేతిలో ఎంత ఉంటుందో అప్పుడే తెలిసింది.

"ఏమంటున్నాడండీ?" అంది నూకరత్నం.

 "రేపు కూడా పనిచెయ్యొచ్చా అంటున్నాడు."

ఆమె ఆయన్ని చూసింది. చేతులు చూసింది. రెండు అరచేతులూ బొబ్బలెక్కి ఉన్నాయి. 

"చెయ్యొచ్చని చెప్పండి. రేపూ చెయ్యొచ్చు, ఎల్లుండీ చెయ్యొచ్చు, ఓపికున్నన్నాళ్ళు చెయ్యొచ్చు. పని చెయ్యడానికి ఉద్యోగం ఎందుకండీ? నేను రెండేళ్ళు చెయ్యలేదా? ఎవడన్నా ఆపాడా?" గోడ మీది కాగితం వైపు వేలు చూపించింది. "పని ఆయన్ని చేసుకోమనండి. ఉద్యోగం మాత్రం నాకిచ్చెయ్యమనండి."

నేను ఒక్క మాట కూడా మార్చకుండా చెప్పాను. ఆయన విని, ఆమె వైపు తిరిగి, నెమ్మదిగా తల ఊపాడు. కాగితాన్ని గోడ మీద సాపు చేసుకుని సంతకం పెట్టాడు. వేలిముద్ర అవసరం లేకపోయినా గ్రీజు ముద్ర ఒకటి పడింది.

రాజీనామాని ఆమోదించడానికి భుజంగరావుగారికి మూడు రోజులు పట్టింది. నూట యాభై అయిదేళ్ళ నాటి దరఖాస్తు మీద 'ముగిసినది' అని నా చేత్తో రాశాను. ఎనిమిదో తేదీ మధ్యాహ్నం నూకరత్నం ఫైలు తెరుచుకుంది. సాయంత్రానికి ఉత్తర్వు తయారైంది. పోస్టులో వెయ్యకుండా నేనే బస్సెక్కి లాకుకి పట్టుకెళ్ళాను.

ఆయన చక్రం దగ్గరే ఉన్నాడు. అరచేతులకి పాత చీరె గుడ్డ కట్టి ఉంది. నూకరత్నం ఉత్తర్వుని రెండుసార్లు చదివింది. 'పెచ్చెట్టి గవర్రాజుగారి కుమార్తె' అని ఉన్న చోట వేలు పెట్టి కాసేపు అలాగే ఉంది. తర్వాత దాన్ని జాగ్రత్తగా మడిచి, కళ్ళు తుడుచుకుని, ఏడో బారన్ వైపు తిరిగింది.

"కామేశంగారూ, దొరకి చెప్పండి. రేపు పొద్దున్న ఆరింటికల్లా ఇక్కడ ఉండాలి. ఆలస్యమైతే ఊరుకోను."

నేను చెప్పబోతుంటే ఆయన అప్పటికే టోపీ తీశాడు.